నోటిలెక్కలు, సంఖ్యల అమరిక: తరచుగా అడిగే ప్రశ్నలు

నెల్లూరు జిల్లాలో ఉన్నత పాఠశాల లెక్కల మాస్టరుగా పనిచేసి విరమించాక, సాయంత్రం పూట మా ఇంటి వసారాలో పిల్లలకు నోటిలెక్కలు చెబుతున్నాను. పిల్లలతో పాటు వారిని తీసుకువెళ్ళడానికి వచ్చే తల్లిదండ్రులు, బ్యాంకు పరీక్షలకు చదువుతున్న యువకులు, ఒకరిద్దరు రొయ్యల రైతులు అరుగు మీద కూర్చొని అడుగుతూ వచ్చిన ప్రశ్నలకు ఇక్కడ జవాబులు వ్రాశాను.

నోటిలెక్కలో అమరికను గుర్తుపట్టడం అంటే ఏమిటి? వేగంగా కూడడం, గుణించడం కూడా అదే కాదా?

రెండూ ఒకటి కావు. కొట్టు చీటీ మీద 38, 47, 62, 53 అని నాలుగు అంకెలు ఉన్నాయనుకోండి. పై నుంచి వరుసగా కూడుకుంటూ వస్తే 38, 85, 147, 200 అని మెట్టు మెట్టుకూ ఆగాలి, ఆగిన ప్రతిచోటా వచ్చిన మొత్తాన్ని మనసులో మోయాలి. 38కి జత 62 అనీ, 47కి జత 53 అనీ ముందుగా కంటబడినవారికి రెండు నూర్లు తప్ప మోయవలసింది ఏమీ లేదు. లెక్కలో చేయి పెట్టే ముందు సంఖ్యల వైపు ఒక్క క్షణం ఊరికే చూడడమే ఈ విద్యలో మొదటి పాఠం; మా పిల్లలకు నేర్పడానికి నాకు అన్నిటికంటే ఎక్కువ కాలం పట్టేదీ అదే, ఎందుకంటే బడిలో ప్రశ్న పడగానే పెన్సిలు కదలకపోతే మందకొడి అంటారని వారికి భయం.

ఈ చూపు పుట్టుకతో వచ్చేదా అని కూడా అడుగుతారు. చదరంగం మీద విలియం చేజ్, హెర్బర్ట్ సైమన్ అనే ఇద్దరు 1973లో ప్రచురించిన పరిశోధన దీనికి మంచి జవాబు చెబుతుంది. నిజమైన ఆటలోని బల్లను అయిదు సెకండ్లు చూపి దాచేస్తే, ఆరితేరిన ఆటగాడు కొత్తవారికంటే ఎన్నో రెట్లు ఎక్కువ పావులను తిరిగి పేర్చగలిగాడు. అవే పావులను అడ్డదిడ్డంగా పేర్చి చూపినప్పుడు మాత్రం అతని ఆధిక్యం దాదాపు మాయమైంది. అతనికి ఉన్నది గొప్ప జ్ఞాపకశక్తి కాదు, ఏళ్ళ తరబడి చూసి చూసి అలవాటైన అమరికలు. సంఖ్యల విషయంలోనూ నేను గమనించింది ఇదే.

ఎక్కాలు రాకుండా ఈ పద్ధతులు నేర్చుకోవచ్చా?

నేర్చుకోలేరు. ఈ మాట చెప్పినప్పుడు కొందరు తల్లిదండ్రుల ముఖం చిన్నబోతుంది గాని, తెలియని ముఖాన్ని గుంపులో గుర్తుపట్టడం ఎవరికీ సాధ్యం కాదు. ఇరవయ్యో ఎక్కం దాకా, 30 దాకా వర్గాలు నోటికి రావాలి. వాటికి తోడు కొన్ని విశేషమైన సంఖ్యలతో పరిచయం ఉండాలి. మూడు 37లు 111 అని తెలిసినవాడికి 37ను 24తో గుణించమంటే, 24లో ఎనిమిది మూళ్ళు ఉన్నాయి కాబట్టి 888 అని వెంటనే తోస్తుంది. 7, 11, 13 గుణిస్తే 1001 వస్తుందని తెలిసినవాడు 143ను చూడగానే 7 కోసం వెతుకుతాడు. 286ను 35తో గుణించమని అడిగితే, 286 అంటే రెండు 143లు, 35 అంటే అయిదు ఏడులు, కనుక 1001కి పదింతలు, అంటే 10,010 అని చెప్పేస్తాడు. అయితే ఇటువంటి సంఖ్యలు నూరు నేర్చుకోనక్కరలేదు. పదిహేనో ఇరవయ్యో బాగా తెలిస్తే మిగిలినవి వాటి చుట్టాలే.

చదువు లేని పెద్దవాళ్ళు మాకంటే వేగంగా ఎలా చెప్పేవారు?

వారి చేతిలో అణాల రూపాయి ఉండేది. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చేదాకా రూపాయికి పదహారు అణాలు. పదహారును సగం చేస్తే ఎనిమిది, ఇంకా సగం చేస్తే నాలుగు, రెండు, ఒకటి. ఆ సగాల వరుస వారి నాలుక మీదే ఉండేది. పావలా, అర్ధరూపాయి, ముప్పావలా, బేడ అనే పేర్లు వారికి డబ్బు మొత్తాలూ భిన్నాలూ కూడా. 25 పైసల నాణెం 2011 జూన్ 30తో చెలామణి నుంచి తప్పుకుంది గాని, పావలా లెక్కను ఎవరూ రద్దు చేయలేదు.

48ని 25తో గుణించాలంటే 48 పావలాలు ఎన్ని రూపాయలో అడగండి. పన్నెండు రూపాయలు, అంటే 1200 పైసలు, అదే జవాబు. 36ను 75తో గుణించాలంటే 36 ముప్పావలాలు 27 రూపాయలు, కనుక 2700. బేడ అంటే రెండు అణాలు, నేటి లెక్కలో పన్నెండున్నర పైసలు. 88ని పన్నెండున్నరతో గుణించమంటే 88లో ఎనిమిదో వంతు 11, కాబట్టి 1100. అణా అంటే ఆరుంపావు పైసలు కాబట్టి 48ని 6.25తో గుణిస్తే మూడు రూపాయలు, అనగా 300. ఈ నాలుగు పేర్లను మాత్రం నేను మా తరగతిలో పట్టుబట్టి నేర్పుతాను, దశాంశ స్థానం ఎక్కడ పెట్టాలో తెలియక తికమకపడే పిల్లవాడు కూడా "ఎన్ని పావలాలు?" అనగానే తేరుకుంటాడు.

శాతాలకూ ఇదే పనికివస్తుంది. 75కు 16 శాతం ఎంత అన్న ప్రశ్న చిరాకుగా కనిపిస్తుంది. 75కు 16 శాతమూ 16కు 75 శాతమూ ఒకటే కాబట్టి దానిని తిప్పి చదివితే పదహారు ముప్పావలాలు, పన్నెండు.

క్వింటా ధర చెబితే పుట్టి ధర వెంటనే ఎలా చెప్పాలి?

నెల్లూరు పుట్టి 850 కిలోలు, అంటే ఎనిమిదిన్నర క్వింటాళ్ళు. ఎనిమిదిన్నరతో గుణించడం కష్టమనిపించేది దానిని ఎనిమిదిన్నరగానే చూసినప్పుడు. పదిలో ఒకటిన్నర తక్కువగా చూస్తే, పక్కన ఒక సున్నా చేర్చి, అసలు ధరకు ఒకటిన్నర రెట్లు తీసివేస్తే సరిపోతుంది. 2024–25 ఖరీఫ్‌లో సాధారణ రకం ధాన్యానికి మద్దతు ధర క్వింటాకు 2,300 రూపాయలు. పదింతలు 23,000, ఒకటిన్నర రెట్లు 3,450, తీసివేస్తే పుట్టికి 19,550. అదే ఏడాది ఎ గ్రేడు ధర 2,320 కదా అని మళ్ళీ మొదటి నుంచి లెక్క చేయకూడదు. క్వింటాకు 20 పెరిగితే పుట్టికి 170 పెరుగుతుంది, కాబట్టి 19,720.

కళ్ళంలో అసలు అవసరమయ్యేది దీనికి వ్యతిరేకమైన లెక్క. దళారి పుట్టికి ఇంత అంటాడు, రైతు మద్దతు ధరతో పోల్చుకోవాలంటే ఎనిమిదిన్నరతో భాగించాలి. నోటితో ఈ భాగహారం చేయడానికి ప్రయత్నించవద్దని నా సలహా. ఎనిమిదిన్నర పదిహేడులో సగం కాబట్టి 17,000 పుట్టి ధర అంటే క్వింటాకు సరిగ్గా 2,000 అని ఒక్క మేకు కొట్టి ఉంచుకోండి. అక్కడి నుంచి పుట్టి మీద ప్రతి 850కి క్వింటా మీద నూరు, ప్రతి 85కి పది. దళారి 18,700 అన్నాడంటే 17,000 మీద 1,700 ఎక్కువ, అంటే రెండు 850లు, కనుక 2,200. బేరం జరుగుతుండగా ఫోను తీసి నొక్కేవాడికంటే, ముఖం మీద ఏమీ కనిపించకుండా ఈ లెక్క చేసుకునేవాడి మాటకు బరువు ఉంటుంది.

ఊరు దాటితే పుట్టి కొలత మారవచ్చు. అప్పుడు మేకును కూడా మార్చుకోవాలి.

రొయ్యల కౌంటుకూ గ్రాములకూ మధ్య లెక్క తేలిక చేసుకోవచ్చా?

కౌంటు అంటే కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయో ఆ సంఖ్య, కాబట్టి కౌంటునూ ఒక్కో రొయ్య గ్రాములనూ గుణిస్తే ఎప్పుడూ వెయ్యే రావాలి. వెయ్యిని ఎన్ని జతలుగా విడదీయవచ్చో తెలిసి ఉంటే చాలు. 40 కౌంటుకు 25 గ్రాములు, 50కి 20, 80కి పన్నెండున్నర, 100కు 10, 125కు 8. సరిగ్గా భాగం పోని కౌంటు వచ్చినప్పుడు పక్కనున్న జతను పట్టుకొని అంచనా వేయాలి: 42 కౌంటు అంటే 25 గ్రాములకు కొంచెం తక్కువ, దాదాపు 23.8. ఇందులో నాకు ముచ్చట గొలిపే సంగతి ఒకటుంది. 32ను 32తో గుణిస్తే 1024, 31ని 31తో గుణిస్తే 961. వెయ్యి ఈ రెండింటి నడుమ ఉంది కాబట్టి, 31, 32 దగ్గర కౌంటూ గ్రాములూ దాదాపు ఒకే సంఖ్య అవుతాయి. కౌంటు అంతకంటే పెద్దదైతే గ్రాములు చిన్నవి, చిన్నదైతే గ్రాములు పెద్దవి. ఎవరైనా "ఇరవై అయిదు కౌంటు, ఇరవై అయిదు గ్రాముల రొయ్య" అన్నారంటే ఆ మాట తప్పని కాగితం లేకుండానే తెలుస్తుంది.

చెరువులో సరుకు అంచనా కూడా ఇలాగే. లక్ష పిల్ల వేసి నూటికి ఎనభై బ్రతికాయనుకుంటే 80,000 రొయ్యలు. 40 కౌంటు దగ్గర పట్టుబడి చేస్తే 80,000ను 40తో భాగించి రెండు వేల కిలోలు, అంటే రెండు టన్నులు.

దగ్గరగా ఉన్న రెండు సంఖ్యలను గుణించే ఉపాయం ఎందుకు పనిచేస్తుంది? బట్టీ పట్టకుండా అర్థమయ్యేలా చెప్పండి.

మా తరగతిలో ఇప్పటికీ మార్కాపురం పలకలు నాలుగైదు ఉన్నాయి. ఈ ఒక్క ప్రశ్నకు పలక వాడతాను. పలక మీద 50 మూరల నలుచదరపు చేను గీయండి. దాని వైశాల్యం 2500. పై అంచు నుంచి 3 మూరల వెడల్పున ఒక పట్టీ కోసి, నిలువుగా తిప్పి కుడి పక్కన అతికించండి. ఇప్పుడు చేను అడ్డం 53, నిలువు 47. అయితే కోసిన పట్టీ పొడవు 50, అతికించిన పక్క పొడవు 47 మాత్రమే కాబట్టి 3 మూరల ముక్క బయటికి పొడుచుకు వస్తుంది. ఆ ముక్క వైశాల్యం 9. అందుచేత 47ను 53తో గుణిస్తే 2500లో తొమ్మిది తక్కువ, 2491. మధ్య సంఖ్య వర్గంలో నుంచి, దానికీ ఆ సంఖ్యలకూ ఉన్న తేడా వర్గాన్ని తీసివేయడం అన్న సూత్రమంతా ఈ పట్టీలోనే ఉంది.

5తో ముగిసే సంఖ్యల వర్గం చాలామందికి తెలుసు: 65 వర్గానికి 6ను దాని తరువాతి 7తో గుణించి 42, పక్కన 25 చేర్చి 4225. దానితో పట్టీని కలిపి చూస్తే 63, 67 గుణకారం 4225లో నాలుగు తక్కువ, 4221. పదుల స్థానం ఒకటే అయి, ఒకట్ల స్థానాలు కలిసి పది అయినప్పుడల్లా ముందు 6×7, వెనుక 3×7 అని కూడా చదువుకోవచ్చు.

47, 58 వంటి జత వచ్చినప్పుడు మధ్య సంఖ్య యాభై రెండున్నర అవుతుంది. అక్కడ మొండిపట్టు పట్టకూడదు. 47, 53 తెలుసు కాబట్టి 2491కి అయిదు 47లు, 235, చేర్చి 2726 అనడం తేలిక.

రూపాయి వడ్డీ, రూపాయిన్నర వడ్డీ లెక్క నోటితో తేలాలంటే?

అసలును చివరిదాకా ముట్టుకోవద్దు. నూటికి నెలకు రూపాయిన్నర చొప్పున ఎనిమిది నెలలంటే ముందు ఆ రెండింటినీ గుణించండి: నూటికి 12. ఆ తరువాతే 45,000 వైపు చూడండి. 450 నూర్లకు పన్నెండేసి, 5,400. అందరూ నెల వడ్డీ 675 కట్టి, దానిని ఎనిమిదితో గుణించబోయి తడబడతారు.

పరీక్షల్లో సంఖ్యాశ్రేణి ప్రశ్న చూడగానే దేనితో మొదలుపెట్టాలి?

ఎంత వేగంతో పెరుగుతోందో చూడడంతో. మెల్లగా పెరుగుతుంటే భేదాలు, ప్రతిసారీ దాదాపు రెట్టింపవుతుంటే గుణకారం, పెరిగి తగ్గి పెరుగుతుంటే రెండు శ్రేణులను జడగా అల్లారని అనుమానించాలి. 5, 11, 23, 47 అన్నది రెట్టింపుకు ఒకటి ఎక్కువ, తరువాతిది 95. 7, 10, 8, 11, 9 అన్నది 7, 8, 9 మధ్యలో 10, 11 దూర్చినది, తరువాతిది 12. 3, 8, 15, 24, 35 చూడగానే వర్గాలు తెలిసినవాడికి 4, 9, 16, 25, 36లు ఒక్కొక్కటి తగ్గి కనిపిస్తాయి, 48 అంటాడు. వర్గాలు తెలియనివాడు 5, 7, 9, 11 అనే భేదాల మీదుగా అదే చోటికి నాలుగు అడుగులు ఎక్కువ వేసి చేరతాడు. రెండూ సరైన దారులే.

తప్పు సంఖ్యను కనిపెట్టమనే ప్రశ్నల్లో జాగ్రత్త అవసరం. 6, 7, 9, 13, 21, 36, 69 తీసుకుంటే భేదాలు 1, 2, 4, 8, 15, 33. ఒక్క సంఖ్య తప్పితే రెండు భేదాలు చెడతాయి, ఒకటి ఎంత తగ్గిందో రెండవది అంత పెరుగుతుంది. 15, 33ల స్థానంలో 16, 32 ఉండాలి. వాటి నడుమనున్న 36 తప్పు, 37 ఒప్పు.

ఒకే శ్రేణికి రెండు జవాబులు ఉండవచ్చా?

తప్పకుండా ఉండవచ్చు. 1, 2, 4, 8, 16 తరువాత 32 అని నూటికి తొంభై తొమ్మిది మంది అంటారు, పరీక్షలోనూ అదే వ్రాయాలి. ఇప్పుడు పలక మీద ఒక గుండ్రం గీసి, అంచు మీద చుక్కలు పెట్టి, ప్రతి చుక్కనూ మిగిలినవాటితో గీతలతో కలపండి. ఏ మూడు గీతలూ లోపల ఒకేచోట కలుసుకోకుండా చూడండి. ఒక చుక్కకు గుండ్రం ఒకే ముక్క, రెండింటికి 2, మూడింటికి 4, నాలుగింటికి 8, అయిదింటికి 16. ఆరో చుక్క పెట్టి లెక్కపెడితే 31 మాత్రమే వస్తాయి. మా పిల్లలు ఏదో ఒక ముక్క లెక్కకు తప్పిందనుకొని పలక తుడిచి మళ్ళీ మళ్ళీ గీస్తారు. ఆ అరగంటా నేను ఏమీ మాట్లాడను. అమరిక చూపేది ఊహ. అది ఎందుకు నిలుస్తుందో కారణం దొరికేదాకా దానిని ఋజువు అనకూడదని వారికి మరే విధంగానూ ఇంత బాగా తెలియదు.

వాట్సాప్‌లో వచ్చే పజిళ్ళు సాధనకు పనికివస్తాయా?

కొన్ని వస్తాయి. "4, 3 అయితే 19, 5, 2 అయితే 27, 6, 7 అయితే 43, 8, 5 అయితే ఎంత?" వంటివి మంచివే, మొదటిదాని వర్గానికి రెండవది కూడితే 69. కుండలీకరణాలు సరిగా పెట్టకుండా 8÷2(2+2) ఎంత అని కొట్లాట పెట్టేవి మాత్రం లెక్కలే కావు. వ్రాసినవాడు ఇంకొక జత కుండలీకరణాలు వాడి ఉంటే తగవే ఉండదు.

నోటితో చేసిన జవాబు సరైనదో కాదో ఎలా సరిచూసుకోవాలి?

తొమ్మిదుల పరీక్ష పాతదే అయినా నేటికీ చౌకైనది. 47 అంకెలు కూడితే 11, మళ్ళీ కూడితే 2. 53 అంకెలు కూడితే 8. రెండెనిమిదులు 16, అంటే 7. జవాబు 2491 అంకెలు కూడినా 16, అంటే 7, సరిపోయింది. అయితే ఇది సరిపోయినంత మాత్రాన జవాబు ఒప్పని అనుకోకండి. తొందరలో 2941 అని తిరగేసి వ్రాసినా అంకెల మొత్తం అదే కాబట్టి పరీక్ష ఆ తప్పును పట్టుకోలేదు. పదకొండు పరీక్ష పట్టుకుంటుంది: కుడి నుంచి ఒక అంకెను కూడి మరొకదానిని తీసివేస్తూ పోతే 47కు 3, 53కు మైనస్ 2, లబ్ధం మైనస్ 6. 2491కి 1−9+4−2, మైనస్ 6 వచ్చింది. 2941కి 4 వస్తుంది, పొసగదు.

కొట్టు పద్దులు వ్రాసేవారికి ఇందులోంచే ఒక ఉపయోగం ఉంది. రెండు మొత్తాల మధ్య తేడా తొమ్మిదితో నిశ్శేషంగా భాగం పోతే, ఎక్కడో రెండు అంకెలు తారుమారు అయ్యాయేమోనని ముందు వెతకండి.

ఇదంతా వేద గణితమేనా?

ఆ పేరుతో ప్రసిద్ధమైన పుస్తకం పూరీ గోవర్ధన పీఠాధిపతి భారతీ కృష్ణ తీర్థ వ్రాసినది. ఆయన 1960లో సిద్ధి పొందాక 1965లో అచ్చయింది. అందులోని సూత్రాలు మనకు దొరుకుతున్న వేద వాఙ్మయంలో కనిపించవని పండితులు తేల్చారు. పద్ధతులు మాత్రం నిక్కమైన బీజగణితమే కాబట్టి చక్కగా పనిచేస్తాయి. పాత పేరు తగిలిస్తే లెక్కకు కొత్త బలం రాదు, పేరు తప్పయితే బలం తగ్గదు.

మన భాషలో ఈ సరదాకు నిజంగానే పాత ఆధారం ఉంది. 9వ శతాబ్దపు మహావీరాచార్యుడి సంస్కృత గణిత గ్రంథాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. ఎటు నుంచి చదివినా ఒకేలా ఉండి హారంలా కనిపించే లబ్ధాలను మహావీరుడు ప్రత్యేకంగా ఇచ్చాడు: 139ని 109తో గుణిస్తే 15151 రావడం అటువంటిదే.

అబాకస్ తరగతికి పంపాలా?

పంపవచ్చు, పిల్లవాడికి ఇష్టమైతే. పూసలు కూడికను వేగవంతం చేస్తాయి గాని, 286లో 143ను చూపించవు.

నవోదయ, బ్యాంకు పరీక్షల్లో సమయం చాలడం లేదు. ఏమి చేయాలి?

ఆరో తరగతి నవోదయ ప్రవేశ పరీక్షలో 80 ప్రశ్నలకు రెండు గంటలు, అంటే ప్రశ్నకు తొంభై సెకండ్లు. అక్కడ నిదానమే మేలు. బ్యాంకు ప్రిలిమ్స్‌లో ఏళ్ళ తరబడి 35 లెక్కలకు ఇరవై నిమిషాలు ఇస్తూ వచ్చారు, ప్రశ్నకు దాదాపు ముప్పై నాలుగు సెకండ్లు. పైగా తప్పు జవాబుకు పావు మార్కు పోతుంది. ప్రశ్నను చదివిన అయిదారు సెకండ్లలో ఏ అమరికా కంటబడకపోతే దానిని వదిలి ముందుకు వెళ్ళి, మిగిలిన సమయంలో తిరిగి రావాలి. జవాబుల్లో చివరి అంకెలు వేరువేరుగా ఉంటే పూర్తి గుణకారం చేయకుండా ఒకట్ల స్థానం ఒక్కటే కట్టి చూడండి. చివరి అంకెలు ఒకటే అయితే తొమ్మిదుల పరీక్ష చాలాసార్లు ఒక్క జవాబునే మిగులుస్తుంది.

రోజూ ఎంతసేపు, దేనితో సాధన చేయాలి?

పావుగంట చాలు, విడవకుండా చేస్తే. పుస్తకం కూడా అక్కరలేదు. జాతీయ రహదారి పక్కన నిలబడితే ఏపీ 26, ఏపీ 27, ఆ తరువాత వచ్చిన ఏపీ 39 బండ్లు వరుసగా పోతూనే ఉంటాయి. వాటి నాలుగు అంకెల నంబర్లే ప్రశ్నపత్రం. 2756 కనిపిస్తే 52 వర్గమైన 2704కు ఇంకొక 52 చేరిందని, అంటే 52, 53ల లబ్ధమని చూడాలి. 3599 అంటే 60 వర్గంలో ఒకటి తక్కువ, 59ని 61తో గుణించినది. ఒకసారి మా తరగతి పిల్లలతో ఒంగోలు నుంచి బస్సులో వస్తూ ముందున్న లారీ మీద 4087 చూసి, 3తో, 7తో, 11తో, 13తో భాగించి చూసి, ఏదీ పోకపోయేసరికి ఇది ప్రధాన సంఖ్య అయి ఉంటుందని వదిలేశాను. కావలి రాకముందే వెనుక సీటులోని ఎనిమిదో తరగతి అమ్మాయి లేచి వచ్చి, "మాస్టారూ, 64 వర్గం 4096 కదా, అందులో తొమ్మిది తక్కువే కదండీ ఇది, 61ని 67తో గుణించారు" అంది.